పెట్రోలు రంపానికి కుర్చీ చక్రం

చెట్టు మీదినుంచి జారిపడుతున్న పెట్రోలు రంపాన్ని మా చెల్లెలు పళ్లతో పట్టుకుంది. అబద్ధమాడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నన్ను బల్లెక్కించి మరీ చెప్పారు కనుక సవరిస్తున్నాను: పళ్లతో కాదు, చేత్తో. చేతికీ అందలేదు. రంపం నేల మీద పడి, వెనక పిడి మొదట్లో ప్లాస్టిక్ నిలువునా పగిలింది. ఇది మాత్రం నిజం.

చెట్లు కొట్టడం ఆమె వృత్తి. మొగుడు పోయాక ఆయన రంపం అందుకుంది. నవ్విన వీధే తర్వాత గుమ్మంలో నిలబడి పని చెప్పింది. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఆమె కొడుకు, అంటే మా మేనల్లుడు, ఈ పగులు కోసమే కాచుక్కూర్చున్నట్టు సంబరపడ్డాడు. ఆ రకం పిడి ఇప్పుడు రావడం లేదని దుకాణంవాడు చెప్పాడట. పగిలిన పిడితో కోస్తే రంపం మన మీదికే తిరుగుతుందట. ఇక ఇంట్లో కూర్చోమన్నాడు. పాత సామానువాడికి కబురు కూడా పెట్టేశాడు.

"ఆదివారం దాకా ఆగరా," అంది చెల్లెలు. "అప్పటికి పిడి నిలబడకపోతే నేనే తూకానికేస్తా. నిలబడిందా, మళ్లీ ఈ మాట ఎత్తితే నాలుక కోస్తా."

మొదట జిగురు పూసింది. నూనె పట్టిన ప్లాస్టిక్ మీద అది నిలవలేదు, నొక్కగానే పెళుక్కున ఊడింది. కరిగించి అతకాలంటే అదే జాతి ప్లాస్టిక్ కావాలి. ఏ జాతో కాలిన వాసనే చెబుతుందని పిడి అంచు కాస్త గీకి కాల్చింది. వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. ఇక ఇంట్లో ఏ వస్తువుకూ దిక్కు లేదు. బకెట్ చెవి గీకి కాలిస్తే కొవ్వొత్తి వాసన వచ్చింది. చెల్లెలి కోడలు తన డబ్బాలన్నీ బీరువాలో దాచుకుంది.

ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఓ పక్కకు ఒరిగి ఉన్నాను. నా కుర్చీ కాళ్లకు నాలుగు చిన్న చక్రాలు. ఒకటి లేదు. వంటింట్లోంచి వెంట్రుకలు కాలిన కంపు వస్తోంది.

పగులు ముందుకు పాకకుండా దాని చివర చిన్న బెజ్జం వేసింది. రాగితీగ ముక్కల్ని పగులుకు అడ్డంగా వేడి కడ్డీతో లోపలికి దింపి, చిరిగిన సంచి కుట్టినట్టు కుట్టింది. పైన నా చక్రాన్ని చుక్కచుక్కగా కరిగించి నింపింది. నారింజ రంగు పిడి మీద తెల్లటి మచ్చ మిగిలింది. దానికి రంగు వెయ్యనంది.

ఆదివారం మేనల్లుడు పిడిని మోకాలికి ఆనించి విరవబోయాడు. వాడి మొహం ఎర్రబడిందే గానీ పిడి చలించలేదు. కోసేటప్పుడు అదురుకు ఊడుతుందిలే అన్నాడు.

"అయితే కోసే చూద్దాం. అన్నయ్యా, కాస్త లే."

నేను కూర్చుని ఉండగానే కోసిందని రాయాలని ఉంది. లేచాను. కుర్చీ తిరగేసి, చక్రం పోయిన కాలికి సమంగా మిగతా మూడు కాళ్లూ తెగ్గోసింది. ఆ ఊపులోనే వీధి చివర కూలిన చెట్టు దగ్గరికి నడిచింది. సాయంత్రం దాకా రంపం గొంతు తగ్గలేదు. ఈలోగా పాత సామానువాడు తక్కెడతో వచ్చాడు. వాణ్ణి మేనల్లుడే గుమ్మంలోంచి సాగనంపాడు.

ఇదంతా రాసి చెల్లెలికి చదివి వినిపించాను. రంపం పళ్లకు ఆకురాయి పెడుతూ, తెల్లమచ్చ మీద బొటనవేలు ఆనించి, తలెత్తకుండా వింది.

"ఒక్క ముక్క నిజం లేదు," అంది. "నా చేతిలోంచి రంపం జారడమేమిటి? నీ కుర్చీ మొదటినుంచీ పొట్టిదే, అన్నయ్యా."