లాండ్రీ బావిలో పెట్రోలు

ఆ వీధిలో ఆమెను అందరూ లాండ్రీ అక్క అనేవారు. భర్త పోయాక కొట్టు మూసేస్తుందని చుట్టాలు అనుకున్నారు. ఆమె మూయలేదు సరికదా, పెరట్లో ఇంకో తొట్టి కట్టించి, అత్తగారిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టింది. కోడలు ఉతికేది, అత్త మాట్లాడేది. ఎవరి పనిలో వాళ్లు ఘనులే.

పెరటి బావినీళ్ల మీదే వాళ్ల బతుకు. ఒక ఏడాది వానలు వెలిశాక ఆ నీళ్లు పెట్రోలు కంపు కొట్టడం మొదలుపెట్టాయి. సబ్బు మార్చింది, మళ్లీ మళ్లీ జాడించింది, రోజంతా ఎండలో ఆరేసింది. లాభం లేకపోయింది. ఒకరోజు లాయరుగారొకరు మడత విప్పిన చొక్కా తెచ్చి బల్లమీద పెట్టారు.

"ఇది వేసుకుని బయటికెళ్తే, పక్కాయన సిగరెట్టు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడమ్మా," అన్నారు.

అత్త నవ్వేసింది గానీ కోడలికి తల కొట్టేసినట్టయింది.

వీధి చివర మూతపడిన పెట్రోలు బంకులో, నేల కింది ట్యాంకు తుప్పుపట్టి చిల్లు పడిందని తర్వాత తేలింది. కారిన పెట్రోలు మట్టిలోకి దిగి, లోపలి నీళ్లలో కలిసిపోయింది. ట్యాంకునైతే తవ్వి తీసేశారు, నీళ్లను తవ్వి తీయలేరు కదా. బావికి మూత వేశారు. ఆమె ఉతుకు మానేసి ఒట్టి ఇస్త్రీతో కొట్టు నెట్టుకొచ్చింది.

కొన్నాళ్లకు నేలను బాగుచేసేవాళ్లు లారీలో నీలం డ్రమ్ములతో దిగారు. మందు కలిపి పంపు నడిపే పెద్దాయనను డ్రమ్ముల మేస్త్రీ అనేవారు. ఊరూరా తిరిగే పని కావడంతో పెళ్లి మాట పక్కనపడి, యాభైకి దగ్గరైన మనిషి. ఆయన ఒక సాయంత్రం పనిబట్టలు ఇస్త్రీకి తెచ్చాడు. ప్యాంటు మోకాళ్ల నిండా తెల్లటి మచ్చలు.

"ఇవి మరకలు కావు, రంగే పోయింది. ఏం పోసుకున్నారు మీద?" అంది ఆమె.

"పెరాక్సైడ్ అండీ. మీ బ్లీచింగుకు అన్నలాంటిది. మీరు దాంతో బట్టల్లో మురికిని విరగ్గొడతారు. మేం సన్న బోర్లు వేసి, దీన్ని లోపలికి పంపి పెట్రోలును విరగ్గొడతాం. మంటా ఉండదు, పొగా ఉండదు. చివరికి మిగిలేది నీళ్లూ గాలీ."

"అంటే మీదీ ఉతుకుడే."

"ఉతుకుడే. పిండి ఆరేసే వీలు లేదంతే."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైందని అత్తకు గుర్తొచ్చింది. మర్నాడు ఆయన ఇంకో జత తెచ్చాడు.

"పనిబట్టలకు ఇస్త్రీ ఎందుకు బాబూ?" అంది అత్త.

మేస్త్రీ డబ్బులు బల్లమీద పెట్టి గబగబా వెళ్లిపోయాడు. బట్టలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

కంపు తగ్గింది. ఆమె తొట్లు కూడా కడిగి సిద్ధం చేసుకుంది. అంతలో పరీక్ష బోర్లలో పెట్రోలు మళ్లీ తేలింది. మేస్త్రీ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"మీ ఇస్త్రీ గది కింద బంకమట్టిలో ఇరుక్కుపోయిందండీ. అక్కణ్ణుంచే కొంచెం కొంచెంగా దిగుతోంది. గచ్చుకు చిల్లులు పెడితే తప్ప అందదు."

ఆమె కిందికి, గచ్చు వంక చూసింది. ఆ గచ్చు ఆమె భర్త తన చేతులతో వేసింది. గచ్చు ఆరకముందే నడిచినందుకు అతను కోప్పడిన రోజు ఆమె కళ్లముందు మెదిలింది. మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. అత్త గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నా కొడుకు వేసిన గచ్చే. వాడే ఉంటే ఈపాటికి గడ్డపార పట్టుకునేవాడు. కానివ్వు అమ్మాయ్."

ఇస్త్రీ బల్లను వీధిలోకి మార్చారు. దారినపోయేవాళ్లంతా ఆగి పలకరిస్తుంటే ఆమె ఎండ గొడుగు కింద ఇస్త్రీ చేసింది. లోపల మందు దిగుతుంటే నేల వెచ్చబడింది, బోర్లలో నీళ్లు బుడబుడలాడాయి. అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి అత్త చెవి ఒగ్గింది.

"నేల కడుపులో గుడగుడలాడుతోంది. అరుగుతున్నట్టే ఉంది," అంది.

అరిగింది. వేసవి దాటి వానలు వచ్చి వెళ్లాయి. ఎన్నిసార్లు పరీక్షించినా పెట్రోలు కనిపించలేదు. తాగడానికి ఇప్పుడే వద్దు గానీ ఉతుక్కోవచ్చని అధికారులు చెప్పారు. మూత తీసిన రోజు ఆమె ఇంట్లో దుప్పట్లన్నీ, మురికివీ కానివీ, తెచ్చి తొట్లో వేసింది. జాడించి జాడించి నిలువునా తడిసింది. అత్త తడి దుప్పటిలో ముఖం పెట్టి గట్టిగా పీల్చింది.

"సబ్బు వాసన," అంది.

ఆ వారంలోనే మేస్త్రీ చివరిజత తీసుకోవడానికి వచ్చాడు.

"ఇక్కడ పని అయిపోయిందండీ. ఎల్లుండి వెళ్లిపోతాం."

ఆమె చొక్కా మడుస్తూనే అడిగింది. "మీకు గంజి పెట్టడం వచ్చా?"

"రాదండీ."

"నేర్చుకుంటారా?"

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నేర్పితే నేర్చుకుంటాను," అన్నాడు.

"ఇన్నాళ్లకు అడిగావు అమ్మాయ్, నయం," అంది అత్త గల్లాపెట్టె దగ్గర్నుంచి.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. అత్తే సాక్షి సంతకం పెట్టింది. ఇప్పటికీ ఆయన వేరే ఊళ్లలో నేలలు ఉతకడానికి వెళ్లి వస్తుంటాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో గంజి ఆయనదే. మొదట్లో ఆయన గంజి పెట్టిన చొక్కాలు నిలబెడితే నిలబడేవి. ఎవరైనా గొణిగితే, "మా అల్లుడు కొత్తగా నేర్చుకుంటున్నాడు," అని అత్త సర్దిచెప్పేది. కోడలి మొగుడు అల్లుడెలా అవుతాడని వాళ్లు వరస తేల్చుకునేలోగా, చొక్కా వాళ్ల చేతిలో పెట్టి పంపించేసేది.