ఇంజను పుస్తకం చదివిపెట్టిన టీచరమ్మ

మా జగ్గయ్యపేట టీచరమ్మగారు పోయిన గురువారం కన్నుమూశారు. నందిగామలో నా షెడ్డుకు కబురు వచ్చేసరికి ఒక ఆయిల్ ఇంజను విప్పి పెట్టుకుని కూర్చున్నాను. చేతులు తుడుచుకుని ఉన్నపళంగా బస్సెక్కాను. సమాధుల తోటలో ఆమె శిష్యులు చాలామంది కనిపించారు. నేను ఆమె తరగతిలో ఒక్కరోజు కూడా కూర్చున్నవాణ్ణి కాదు. అయినా ఈవేళ నేను తింటున్న అన్నం ఆమె నేర్పిన చదువు పెట్టిందే.

పదేళ్ళు పైబడిన మాట, ఊళ్ళకింకా కరెంటు రాని రోజులు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఒక మేస్త్రి కింద నాలుగేళ్ళు పనిచేసి, సొంతంగా పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్ల రిపేర్లు మొదలుపెట్టాను. బోల్టులు విప్పడం, బిగించడం వచ్చు. అసలు కిటుకున్న పని మేస్త్రి తన చేత్తోనే చేసుకునేవాడు తప్ప చెప్పేవాడు కాదు. కొత్త ఇంజన్లతో పాటు ఇంగ్లీషు పుస్తకాలు వచ్చేవి. రైతులు వాటిని చూరులో దోపేసేవారు. నేనొకటి అడిగి తెచ్చుకున్నాను. అక్షరాలు తెలుస్తున్నాయి, అర్థం తెలియడం లేదు. మాకు రెండిళ్ళ అవతల ఉండే టీచరమ్మగారు మిషన్ బళ్ళో ఇంగ్లీషు చెప్పేవారు. పుస్తకం పట్టుకుని వెళ్ళాను.

"ఇంజన్ల సంగతి నాకేం తెలుసు, అబ్బాయి?" అన్నారు.

"ఇంగ్లీషు సంగతి నాకు తెలీదండి" అన్నాను.

ఆమె నవ్వి కళ్ళజోడు పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి రోజూ వాళ్ళ వరండాలో ఒక పేజీ. ఒక్క మాట కూడా దాటనిచ్చేవారు కాదు. "అర్థంకాని చోట తలూపకు. పెన్సిలుతో సున్నా చుట్టు, ఎవర్నన్నా అడుగుదాం" అనేవారు. పుస్తకంలో ఏ భాగం పేరు వస్తే దాన్ని తెచ్చి చూపించమనేవారు. ఒకసారి నూనె చిమ్మే నాజిల్ తీసుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేనా? బొమ్మలో ఇంకా అందంగా ఉందే" అన్నారు. బలవంతంగా బిగించవద్దని పుస్తకంలో పదేపదే వచ్చేది. "పాపం, ఎవరో బాగా విరగ్గొట్టుంటారు, అందుకే ఇన్నిసార్లు రాసాడు" అనేవారు.

అప్పుడే పెనుగంచిప్రోలులో మున్నేటి ఒడ్డున ఒక రైతు ఇంజను బాగుచెయ్యమన్నాడు. వాల్వుల దగ్గర 'క్లియరెన్స్' చూడమని పుస్తకంలో ఉంది. అంటే శుభ్రం చెయ్యడమేనన్నారు టీచరమ్మగారు. వాల్వులు తళతళలాడేలా శుభ్రం చేసి బిగించి వచ్చాను. నాలుగోరోజున ఆ రైతు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వాల్వు కాలిపోయిందయ్యా. మిరపతోట వాడిపోతంది. పుస్తకం చూసి రిపేర్లు చేస్తావా నువ్వు?"

వీధంతా విన్నది. ఆయన వెళ్ళిపోయాక, ఈ పని మానేసి మళ్ళీ మేస్త్రి దగ్గరే చేరదామనుకున్నాను. టీచరమ్మగారు తన వరండాలోంచి పిలిచి పుస్తకం తెమ్మన్నారు. నిలబడే ఆ పేజీ మళ్ళీ చదివారు.

"ఆ మాట పక్కనే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క ఉంది, అబ్బాయి. శుభ్రానికి కొలతెందుకు? ఇది సందు. వాల్వుకీ, దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండాల్సిన సందు. నేనే తప్పు చెప్పా."

ఆ సందు లేకపోతే వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు పూర్తిగా మూసుకోదు. నేను సందు వదలకుండా బిగించాను, అందుకే మంట అంచున తగిలి కాలిపోయింది.

మర్నాడు ఆమె బడికి సెలవు పెట్టి నాతో బస్సెక్కారు. వద్దంటే వినలేదు. ఏటి ఒడ్డున నలుగురి ముందూ ఆ రైతుతో, "ఇతను నేను చెప్పినట్టే చేసాడండి. చదవడంలో తప్పు నాది" అన్నారు.

ఆయన కంగారుపడ్డాడు. "ఇంత దూరం మీరు రావాలా అమ్మగారూ? కబురంపితే సరిపోయేది కదండి."

"కబురంపితే ఇతన్ని మళ్ళీ ఇంజను ముట్టుకోనిస్తారా?"

ఆయన ఇంజను ముందునుంచి పక్కకు జరిగాడు. నేను కొత్త వాల్వు వేసి, పల్చటి ఉక్కు రేకుతో సందు కొలిచి సరిచేశాను. నీళ్ళు తోటలోకి పారాయి. ఇక వెళ్దామండి అంటే, "వేడెక్కాక కూడా చూడాలిగా" అని రెండు గంటలు ఆ చప్పుడులోనే కూర్చున్నారు. ఇంజను ఆగలేదు.

తిరుగు బస్సులో ఒకటే మాట అన్నారు. "పుస్తకం సరిగ్గానే చెప్పింది. మనమే ఒక మాట చూసి పక్క మాట చూడలా."

తర్వాత నందిగామలో షెడ్డు పెట్టుకున్నాను. మేస్త్రి దాచుకున్న కిటుకుల్లో చాలావరకు ఆ పుస్తకాల్లోనే దొరికాయి. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు ఏదీ దాచలేదు. నా తప్పు వల్ల ఎవరి ఇంజను ఆగినా నేనే వెళ్ళి ఆ మాట చెప్పాను. అది చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమె మాత్రం ఎంత తేలిగ్గా చెప్పారు!

ఊళ్ళకు కరెంటు వచ్చింది, మోటార్లు వచ్చాయి, మళ్ళీ కొత్త పుస్తకాలు వచ్చాయి. పోయిన నెల ఒకటి తీసుకుని ఆమెను చూడబోయాను. మంచం మీద ఉన్నారు. కళ్ళకు పొర కమ్మి ఏమీ కనిపించడం లేదు. "ఏం రాసాడో చదువు" అన్నారు. మెల్లగా ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకునే ఉన్నారు, నిద్రపట్టిందనుకుని ఆగాను. దుప్పటి మీద ఆమె చూపుడువేలు ఎడమనుంచి కుడికి సాగి, పంక్తి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఎడమవైపుకు వచ్చి, తర్వాతి పంక్తి కోసం ఆగి ఉంది.