పెన్న ఇసుకలో ఈటె

జమ్మలమడుగు బస్టాండులో శుభాకర్ కూర్చోగా చూసినవాళ్లు లేరు. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల బస్సులకు జనాన్ని కేకేసి ఎక్కించడం అతని పని. చిన్నప్పుడు గడ్డివామిలో ఎవరో దాచిన నాటుబాంబు పేలి ఎడమచెయ్యి పోయింది. ఖాళీ చొక్కాచేతిని మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు. మాట్లాడుతుంటే ఆ భుజమూ కదులుతూనే ఉంటుంది. టీ అంగట్లో అందరూ ఏ పార్టీవాళ్ల మీద కేసు పడిందోనని మొదటి పేజీ కోసం పోటీపడితే, అతను నిలబడే ఆటల పేజీ చదివేవాడు. 2004 సెప్టెంబరులో అందులో చిన్న వార్త వచ్చింది. ఏథెన్సులో వికలాంగుల ఒలింపిక్సులో మన జట్టుకు రెండే పతకాలు. ఒకటి బంగారం, గెలిచినవాడికి ఎడమచెయ్యి లేదు, ఈటెను అరవై రెండు మీటర్లు విసిరాడు. శుభాకర్ తాగుతున్న టీ వదిలేసి పెన్నేటి ఇసుకలోకి వెళ్లి, వెదురుకట్టె కొన చెక్కి విసరడం మొదలుపెట్టాడు.

మూడోరోజు పక్కన జీపు ఆగింది. ఊళ్లో ఒక పార్టీ నాయకుడి మనిషి చిన్నన్న దిగి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఎవుర్ని పొడిచేదానికి నేర్చుకుంటాండావురా? ఆ పార్టీవాళ్లు పంపినారా?"

"ఎవుర్నీ కాదు మామా. యాడిదాకా పోతాదో చూస్తాండా. నా మాదిరి ఒంటిచేతోడే మన దేశానికి బంగారు పతకం తెచ్చినాడంట."

చిన్నన్న నమ్మలేదు. "ఏదీ, ఎయ్యి" అన్నాడు.

శుభాకర్ పరుగెత్తి విసిరాడు. చిన్నన్న అంగలు లెక్కబెడుతూ కట్టె దాకా నడిచి, "ముప్పై నాలుగు!" అని అక్కడినుంచే కేకేశాడు. జీపులోవాళ్లు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా కట్టె పీకి మోసుకొచ్చి ఇచ్చాడు.

"ఇంగోతూరి ఎయ్యిరా, గట్టిగా."

శుభాకర్ అప్పటికే పరుగుకు చోటు కోసం వెనక్కి నడుస్తున్నాడు.