ఎడమవైపు, పై భాగం

మా వాడికి పాలు మాన్పిద్దామని వేపాకు నూరి రాసుకుంటుంటే నా వేలికి అది తగిలింది. పొద్దున్నే, పెరట్లో స్నానాల గదిలో, పచ్చటి ముద్ద చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. బయట వాడు తలుపు బాదుతున్నాడు. ఎడమ రొమ్ములో, చంకవైపు, చింతగింజంత. పాలు గడ్డకడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇద్దరికి పాలిచ్చినదాన్ని. అది నొక్కితే సలుపుతుంది, వేలికింద జారుతుంది. ఇది జారలేదు. నొప్పి కూడా లేదు. ఆ నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అక్కడే ఉంది. ముద్దంతా కడిగేసుకుని బయటికొచ్చేశాను. ఆ పూట వాడు హాయిగా పాలు తాగాడు.

"ఇదేం మాన్పించటమే అమ్మాయ్? వాడి ఏడుపుకే నువ్వు కరిగిపోతే ఎట్టా?" అన్నారు మా అత్తగారు.

పద్దెనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు. రోజుకి పదిసార్లు మాత్రం చూసుకున్నాను. పప్పు ఉడుకుతుంటే చూసుకునేదాన్ని, బావి దగ్గర చూసుకునేదాన్ని. ఆఖరికి మావారికి చెప్పినప్పుడు కూడా "ఇక్కడ ఏదో ఉందండీ" అని చెయ్యి పెట్టి చూపించానే తప్ప రొమ్మన్న మాట పలకలేదు. ఆయన కూడా "ఇక్కడా?" అన్నారు. మా ఇద్దరి చదువూ కలిపితే రెండు డిగ్రీలు.

మా ఇల్లు జగ్గయ్యపేటలో. మావారు నందిగామ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. పొద్దున బస్సుకి వెళ్ళి సాయంత్రం ఆరున్నర బస్సుకి దిగుతారు. ఆయనతో పాటు వెళ్ళి నందిగామలో లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. ఆవిడ రెండు వేళ్ళతో నొక్కి చూసి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "బెజవాడ వెళ్ళండి. ఈ వారంలోనే వెళ్ళండి" అన్నారు.

అత్తగారి లెక్క వేరు. "పాలగడ్డకి బెజవాడ దాకా ఎందుకు? వాణ్ణి నాలుగు రోజులు గట్టిగా పట్టించు, అదే కరిగిపోద్ది." మాన్పించమన్నదీ ఆవిడే, పట్టించమన్నదీ ఆవిడే. మధ్యలో మా వాడికి పండగ.

బెజవాడ నర్సింగ్ హోములో సర్జనుగారు నన్ను పరీక్ష చేసి, నాతో కాకుండా మావారితో మాట్లాడారు. "చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. చెడ్డదని తేలితే మొత్తం తీసెయ్యాలి. ఆవిణ్ణి భయపడొద్దని చెప్పండి." నేను రెండడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. మావారు నావైపు తిరిగి, "భయపడొద్దట" అన్నారు. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో చెప్పినట్టు.

అక్కడికి మాత్రమే మత్తిచ్చి ముక్క తీశారు. దాన్ని మందునీళ్ళ సీసాలో వేసి, గుంటూరులో ఒక లేబరేటరీకి మనమే పట్టుకెళ్ళి ఇవ్వాలన్నారు. సీసాతో పాటు ఒక ఫారం. కాంపౌండరు దాన్ని మావారి చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇంగ్లీషు మీ సొత్తు కదండీ, మీరే నింపెయ్యండి. డాక్టరుగారు సంతకం పెడతారు" అన్నాడు. ఆయన నింపారు. సంతకం కూడా పడింది. ఆ సీసా టిఫిను సంచిలో పెట్టుకుని ఆయన గుంటూరు బస్సెక్కారు. నేను తోడొచ్చిన మా అన్నయ్యతో జగ్గయ్యపేట వచ్చేశాను. పది రోజుల్లో కాయితం ఆయన స్కూలుకి పోస్టులో వస్తుందన్నారు.

పది రోజులు ఏముందిలే అనుకున్నాను. అవి గడిపిన తీరు తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది.

కట్టు కనపడుతోంది కాబట్టి ఇరుగుపొరుగుకి ఏదో ఒకటి చెప్పాలి. నన్ను అడక్కుండానే అత్తగారు చెప్పేశారు. "భుజం మీద సెగ్గడ్డ లేచింది, కోయించుకొచ్చారు" అని. ఇక చూసుకోండి. ఎదురింటావిడ ఏదో ఆకు నూరి గిన్నెలో పెట్టి తెచ్చింది, భుజానికి కట్టుకోమని. పక్కింటి పిన్నిగారు "ఎడం చంకన బిందె ఎత్తుకోకమ్మా, అందుకే లేచింది" అని రోజూ గోడ మీంచి చెప్పేది. ఒకరోజు మంత్రసానిని కూడా పిలుచుకొచ్చారు. ఆ ముసలమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఏ జబ్బూ లేని నా భుజానికి ఆముదం రాసి అరగంట పిసికింది. "నరం పట్టేసిందమ్మా, నాకు తెలుస్తోంది" అంది. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. నిజంగానే భుజం నొప్పి మొదలైంది.

అత్తగారు వేదాద్రి వెళ్ళి నరసింహస్వామికి మొక్కుకుని వచ్చారు. ఆవిడ ప్రేమని నేను కాదనను. కానీ దేవుడి దగ్గర కూడా భుజమనే చెప్పి వచ్చారేమోనని నా అనుమానం. అడిగాను కూడా.

"ఏమని మొక్కారత్తయ్యా?"

"ఏమనంటే? నీకు నయం కావాలని."

"ఎక్కడ నయం కావాలని?"

"ఆయనకి తెలీదా ఏంటే ఎక్కడో!" అని కసిరారు.

సాయంత్రం ఆరున్నర అయితే నా చెవులు బస్సు మీదే. ఆయన చెప్పులు విడిచే చప్పుడుని బట్టి కాయితం వచ్చిందో లేదో తెలుసుకోవాలని చూసేదాన్ని. నెమ్మదిగా విడిస్తే ఒక భయం, గబగబా విడిస్తే ఇంకో భయం. మా అమ్మాయికి ఆరేళ్ళు. జడ వేస్తుంటే తల కదిపిందని ఒకరోజు దువ్వెనతో కొట్టాను. అది ఏడవలేదు. నా మొహం చూసి "భుజం నొప్పా అమ్మా?" అంది. దాన్ని కొట్టినందుకు కాదు, ఆ ప్రశ్నకి "అవును" అన్నందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

పదిరోజులూ దాటాయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పదిహేనో రోజున ఆయన భోంచేస్తూ, మజ్జిగ పోసుకున్నాక, అన్నంలోకి చూస్తూ అన్నారు.

"గుంటూరు నుంచి కార్డొచ్చింది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమని?"

"ఏం లేదు. వివరాలు కావాలిట."

"ఏం వివరాలు?"

"అదే. ముక్క ఒంట్లో ఎక్కణ్ణుంచి తీసిందో రాయాలట. రోగి మగో ఆడో, వయసెంతో రాయాలట. అవి తెలిస్తేగానీ ఖాయంగా చెప్పలేరట."

"ఫారంలో మీరు రాయలేదూ?"

"రాశాను. ఎడమవైపు, పై భాగం అని. తక్కిన గడులు వదిలేశాను."

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు రాసుకున్నట్టు, ఎడమవైపు, పై భాగం! వ్యాసంలో స్పష్టత లేదని పిల్లల కాయితాల మీద ఎర్రసిరాతో గీతలు కొట్టే మనిషి.

"కార్డు ఎప్పుడొచ్చింది?"

"మొన్న."

"ఎప్పటి మొన్న?"

"శుక్రవారం."

"ఇవాళ గురువారం అండీ!"

"సెలవు పెట్టి నేనే వెళ్ళి చెప్పొద్దామనుకున్నా. పరీక్షలు కదా, హెడ్మాస్టరు ఇవ్వనన్నారు. సెలవెందుకని అడిగితే ఏం చెప్పను?"

"ఉత్తరం రాయచ్చుగా?"

"ఆ మాట ఉత్తరంలో ఎలా రాస్తాం? నందిగామ పోస్టాఫీసులో అందరూ మా స్కూలు పిల్లల తండ్రులే."

"కవర్లో పెట్టి అంటించండి!"

"అంటిస్తా సరే. అక్కడ విప్పి చదివేది కూడా మగాళ్ళేగా?"

అక్కడ వాళ్ళు ఆ ముక్కనే గాజుపలక మీద పెట్టి చూస్తున్నారు. దాని పేరు చెబితే మాత్రం నా మానం పోతుంది. నేను గరిటె కింద పడేసి ఏమేమో అన్నాను. అందులో రాయదగ్గవి తక్కువ. అత్తగారు లోపల్నుంచి "నెమ్మదిగా, నెమ్మదిగా, గోడ అవతల వింటారు" అంటున్నారు. మా ఇంట్లో ఆ రోజుకి కూడా గోడ అవతలివాళ్ళే ముఖ్యం.

అయితే ఒకటి రాయకపోతే నేనూ ఆయనలాగే ఫారం నింపినదాన్నవుతాను. నర్సింగ్ హోములో ఆయన ఆ ఫారం నింపుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన కలం ఆ గడి దగ్గర ఆగడం చూశాను. ఏం రాశారో కూడా చదివాను. తప్పని తెలుసు. కాంపౌండరు నిలబడి ఉన్నాడని నోరు మూసుకున్నాను. ఆ పదిహేను రోజుల్లో సగం పాపం నాది. ఆ కోపమంతా ఆయన మీద చూపించడం తేలిగ్గా ఉంది, అంతే.

మర్నాడు పొద్దున ఇంట్లో కవర్లు లేవు, ఒక కార్డు ఉంది. ఇంగ్లీషులో రాశాను. రోగిని నేను, ఆడదాన్ని, ఇరవై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు, చిన్నవాడింకా పాలు తాగుతున్నాడు, ముక్క తీసింది ఎడమ రొమ్ములో నుంచి. జవాబు నా పేరనే జగ్గయ్యపేటకి పంపమని ఇంటి చిరునామా ఇచ్చాను. వాణ్ణి చంకనేసుకుని నేనే పోస్టాఫీసుకి వెళ్ళాను. డబ్బాలో వెయ్యకుండా లోపల గుమాస్తా చేతికే ఇచ్చాను, ఆ పూట టపా సంచిలో పడాలని. అతను అలవాటు కొద్దీ కార్డు తిరగేశాడు. చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, కవర్లో పెట్టి పంపిద్దామా?"

"అక్కర్లేదండీ. ఇవాళ్టి సంచిలో వెళుతుందా, వెళ్ళదా?"

"వెళుతుందమ్మా," అని కార్డుని బోర్లా పెట్టి, దానిమీద ఇంకో నాలుగు ఉత్తరాలు పెట్టాడు. బతికున్న మనిషి మీద దుప్పటి కప్పినట్టు.

ఇంకో తొమ్మిది రోజులు. ఈసారి ఎవరిమీదా అరవలేదు. ఎదురింటావిడ గిన్నె తిరిగిచ్చేస్తూ, "భుజం కాదండీ, రొమ్ములో గడ్డ" అని చెప్పాను. ఆవిడ గిన్నె అందుకోవడం మరిచిపోయింది.

పదో రోజు, అంటే నిన్న మధ్యాహ్నం, కవరు వచ్చింది. వీధి గుమ్మంలోనే నిలబడి చింపాను. రెండు లైన్లే ఉన్నాయి. కార్సినోమా అన్న మాటకి నిఘంటువు వెతకాల్సిన పని లేకపోయింది. కాయితం మడిచి, మళ్ళీ విప్పి, పేరు నాదేనా అని చూశాను. నాదే.

అత్తగారు పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

"ఏంటమ్మాయ్, పాలగడ్డేనా?"

"కాదత్తయ్యా. కేన్సరు."

ఆవిడ చేట పక్కన పెట్టారు. "నేను మాన్పించమన్నందుకేనా?" అన్నారు. తర్వాత పైట నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టారు, అప్పుడు కూడా చప్పుడు కాకుండా. పక్కన కూర్చుని వీపు నిమిరింది నేను. నాకు ఏడుపు వచ్చే వేళకి ఆవిడ వంతు నడుస్తోంది.

సాయంత్రం మావారికి కాయితం ఇచ్చాను. మూడుసార్లు చదివారు. "ఆ వారం రోజులు..." అని ఆగిపోయారు. ఆ వారం వల్ల ఏమైనా తేడా పడిందో లేదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరన్నదే నా ఉక్రోషం. ఏమీ కాలేదులెండి అనాలనిపించింది, అనలేదు. కాసేపటికి ఆయనే అన్నారు, "ఎల్లుండి వెళ్ళి చేరదాం. పిల్లలకి మాత్రం అమ్మమ్మగారింటికి వెళ్ళావని చెబుదాం."

"వద్దు," అన్నాను. "నేను చెబుతా."

ఇవాళ పొద్దున అమ్మాయికి జడ వేస్తూ చెప్పాను. వాడు నా ఒళ్ళో ఉన్నాడు, వాడికి అర్థం కాకపోయినా వాడికి కూడా చెప్పాను. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు, మాటలు మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"అమ్మ రొమ్ములో ఒక గడ్డ ఉంది. చెడ్డ గడ్డ. అందుకని డాక్టరుగారు ఆ రొమ్ము తీసేస్తారు. నేను చాలా రోజులు ఆసుపత్రిలో ఉంటా. తమ్ముడు పాలు తాగినందుకు రాలేదు అది, నువ్వు తాగినందుకూ రాలేదు, నాయనమ్మ మాన్పించమన్నందుకూ రాలేదు."

"మళ్ళీ ఇంటికొస్తావా?"

"రావాలనే వెళుతున్నా."

అది ముందు పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకుంది.

"తీసేస్తే మళ్ళీ మొలుస్తుందా?"

"మొలవదు," అన్నాను. "కదలకుండా కూర్చో, జడ వంకర పోతోంది. బళ్ళో ఎవరైనా అడిగితే భుజం అని చెప్పకు."