గవ్వలు పడిన తీరు

మా ఆయన యుద్ధానికి పోయాక, చిత్తూరులో అత్తగారింట నాకు మిగిలిన ఒకే ఒక్క సరదా దాయాలాట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకోగానే నేనూ మా ఆడబిడ్డా వసారాలో సుద్దముక్కతో గళ్లు గీసి గవ్వలు పట్టుకునేవాళ్లం. పందెం ఏమీ లేదు. ఉత్తరం రాని రోజు కూడా ఆ కాసేపు ఇట్టే గడిచిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక ముసలామె మా గుడిలో బాప్తిస్మం తీసుకుంది. అంతకుముందు శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, గవ్వలేసి జోస్యం చెప్పి బతికిన మనిషి. ఆ గవ్వలన్నీ స్వర్ణముఖిలో పారేసి వచ్చింది. తనకు చదువు రాదు కాబట్టి రోజూ మా ఇంటికొచ్చి నాచేత వాక్యం చదివించుకునేది. మా ఆట కనబడితే మాత్రం ముఖం గోడవైపు తిప్పుకునేది. గవ్వల్లో ఏమీ లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

సంగతి తెలిసి పాదిరిగారు నన్ను పిలిపించారు.

"ఆటలో తప్పుండాదని నేననలేదమ్మా. ఆమె మనసు ఇంకా పచ్చిగా ఉండాది. ఆమె ముందర వద్దు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మొగుడు ఏ దేశంలో ఉన్నాడో తెలియనిదాన్ని, ఆ కాస్త కాలక్షేపమూ ఆమె భయం కోసం వదులుకోవాలా? మర్నాడు ఆమె వచ్చే వేళకే కావాలని ఆట పరిచాను.

ఆమె గడప దాటుతుండగా నా చేతిలోంచి గవ్వలు పడ్డాయి. వాటిని చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏం కనపడింది అవ్వా? ఆయన బాగుండాడా?"

మా ఆడబిడ్డ నన్ను వింతగా చూసింది.

"నేనేం సూడలేదు తల్లీ, నన్ను అడగద్దు" అంది అవ్వ. "వాటిలో ఏమీ లేదని నువ్వే గదా సెప్తివి."

ఆ రోజుతో ఆట మానేశాను. బలహీనుల మనసు ఎరిగి నడుచుకున్నానని పాదిరిగారు నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ బలహీనులెవరో నాకే అర్థం కాక తల వంచుకున్నాను. అవ్వ మాత్రం రోజూ వాక్యం విన్నాక మోకరించి మా ఆయన పేరెత్తి ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు. అది విశ్వాసంతో చేసే ప్రార్థనో, ఆ గవ్వలు చూసి చేసే ప్రార్థనో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె కళ్లు మూసుకుని ఆయన కోసం వేడుకున్న కొద్దీ నా భయం పెరిగేది.