మూడు సొరుగుల సంతకం

“సదివించుకున్నాకే సంతకం పెట్టు, కమలా.”

“అలాగేనమ్మా. మీరు మాత్రం మందులేసుకోండి.”

సుగుణ మేడంతో ఫోనులో నా ఆఖరి మాటలు ఇవే. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఇవాళ ధనియాల కోసం వంటింట్లో చెక్క సొరుగు లాగితే, ధనియాల వాసన వెనకాలే పాత కాగితాల వాసన వచ్చింది. ఆవిడే వచ్చినట్టనిపించి, మా అమ్మాయిని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను.

మా ఆయన పోయాక, నరసన్నపేట దగ్గర మా ఊరి గ్రంథాలయంలో తుడిచే పనికి కుదిరాను. మేడం అక్కడ లైబ్రేరియన్. గోడవారన చిన్న సొరుగుల బీరువా ఉండేది. ఒక్కో సొరుగు మీద ఒక్కో అక్షరం, లోపల పుస్తకాల పేర్లు రాసిన అట్టముక్కలు. కంప్యూటర్ వచ్చాక దాన్ని తుక్కులో పడేయమన్నారు పైవాళ్లు. మేడం పడేయలేదు. పుస్తకాలకు వచ్చేవాళ్లు తగ్గి దరఖాస్తులకు వచ్చేవాళ్లు పెరిగితే, యాభై దాటిన మనిషి రెండు వేళ్లతో టైపు నేర్చుకున్నారు. పేపరు చదవడానికొచ్చే అప్పన్న మావ నవ్వేవాడు.

“ఏటి మేడమ్మా, పుస్తకాలిచ్చే సేత్తో పారాలు నింపుతన్నారు?”

“అవీ సదవాల్సినవే కదా! నీ పారం నువ్వు సదివినావేటి మరి?”

మావ మొహానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒక దసరాకి పనిముట్ల పూజ కదా అని చీపురుకీ, బీరువాకీ, కాగితాల ఫోటో తీసే స్కానరుకీ బొట్లు పెట్టాను. స్కానరుకి మూత ఎత్తి అద్దం మీద కూడా పెట్టాను. పండగ వెళ్లాక మా అమ్మాయి నర్సింగు సీటుకి మేడం పంపిన సర్టిఫికెట్లు వెనక్కి వచ్చాయి. ప్రతి కాగితంలోనూ మార్కులున్న చోట ఎర్రటి మచ్చ! ఆ సాయంత్రం ఐదింటికే గడువు. మేడం మూత ఎత్తి చూసి పకపకా నవ్వారు.

“ఒసే, మిషన్‌కి కూడా పేరంటం సేసినావేటే!”

“పనిసేసేదే కదమ్మా అదీని!”

“సరేలే. నువ్వు బొట్టెట్టినావు, నేను సూడకుండా పంపీసినాను. తప్పు ఇద్దరిదీని.”

అద్దం తుడిచి అన్నీ మళ్లీ తీశారు. ఇక ఫారం మీద తల్లి సంతకం మిగిలింది. నేను బొటనవేలు చాపాను. వేలిముద్ర కుదరదన్నారు.

“నాకు అచ్చరం ముక్క రాదు మేడమ్మా!”

“ఇన్నేళ్లుగా కింద పడిన అట్టముక్కల్ని ఏ సొరుగులో పెట్టాలో ఎవర్నయినా అడిగినావా?”

అడగలేదు. అక్షరం రూపు పోల్చుకుని పెట్టేసేదాన్ని. ఆవిడ వేలు పెట్టి చూపించిన మూడు సొరుగులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాను. క, మ, ల. నా పేరు నాకెదురుగా కూర్చుంది. చిత్తుకాగితాల మీద దిద్దీ దిద్దీ, ఫారం మీద పెన్ను ఆనించబోతే చెయ్యి పట్టుకున్నారు.

“ఆగు. ఇందులో ఏటి రాసున్నాదో ముందు ఇను.”

“టైమైపోతన్నాదమ్మా!”

“సూడకుండా పంపీసే కదే ఇంత తెచ్చుకున్నాం!”

ఫారమంతా చదివి వినిపించాకే పెట్టనిచ్చారు. ‘ల’ పక్కకి ఒరిగింది. సీటు మాత్రం వచ్చింది.

రిటైరైన రోజు ఆవిడ ‘క’ సొరుగు నా చేతిలో పెట్టారు. ఇప్పుడు దాన్నిండా ధనియాలు. బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా చదివి చెప్పందే నేను సంతకం పెట్టను. విసుక్కుంటారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను.

పాపా, అడుగున సంతకానికి చోటు వదిలినావా? పెన్ను ఇలా ఇవ్వు. ఉండు, ముందు మొదట్నుంచీ ఒకసారి సదివి ఇనిపించు.