ముక్కుపిన్ని వాసనల తోట

మా ఉద్యానవనంలో ఐదు తోటలు, వాటికి ఐదుగురం తోటమాలులం. నీటి మొక్కలు ఒకరివి, ఫెర్న్‌ల గది ఒకరిది, మందు మొక్కలు ఒకరివి. ముళ్ళ తోట నాది. నా నోరు చూసే ఆ తోట నాకిచ్చారని మిగతావాళ్ళ వేళాకోళం. అన్నిటికన్నా చిన్నది వాసనల తోట. చూపు లేనివాళ్ళ కోసం వేసింది అది. వంగక్కర్లేకుండా నడుమెత్తు మడులు కట్టి, చేత్తో తడిమి వాసన చూసే మొక్కలే అందులో పెట్టారు. ఆ తోట ముక్కుపిన్నిది.

ఒకరి తోటలో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది మా దగ్గర కాగితం మీద లేని కట్టుబాటు. ఒకసారి ఫెర్న్ ఆకు పసుపెక్కుతోందని నోరు జారితే, ఆ గది ఆయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

పిన్ని నాకేమీ చుట్టం కాదు. అందరికీ పిన్నే. ఆఫీసు గదిలో ఎవరైనా నారింజ వలిస్తే, గేటు దగ్గరే పసిగట్టి తన వాటా అడిగే రకం. రోజూ పొద్దున్నే మడి మడికీ ఆగి, ఒక్కో ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. నీళ్ళు ఎక్కువైతే ఆకు ఏపుగా కనిపిస్తుంది గానీ వాసన చప్పబడిపోతుందట. అలాంటి మొక్కని మొహమాటం లేకుండా పీకేసి కొత్తది నాటేది.

ఆ మధ్య ఆమెకి జ్వరం వచ్చి వారం రోజులు రాలేదు. వచ్చిన రోజు ఆకులు నలిపి చూసి, తన బదులు పనిచేసినవాడి మీద విరుచుకుపడింది. వాడు నీళ్ళు కుమ్మరించి తోటంతా పాడుచేశాడంది. ఆ రోజు పుదీనా మడి ఖాళీ చేసింది. మర్నాడు మరువం పోయింది. మూడో రోజు దారి మలుపులో ఉన్న నిమ్మగడ్డి దుబ్బుని గునపంతో పెకలించింది. పన్నెండేళ్ళ దుబ్బది.

పీకినవన్నీ ఎరువు గుంటలో వేసింది నేనే, తోపుడు బండి నా దగ్గర ఉంటుంది కాబట్టి. ఆ దుబ్బు ఎత్తిన చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగినా అన్నం తినేటప్పుడు గుప్పుమన్నాయి. ఏదో తేడాగా ఉందని అప్పుడే తెలిసింది నాకు. కానీ అయినదానికీ కానిదానికీ లేచే నా నోరు ఆ రోజు మాత్రం లేవలేదు. ఆమె తోట, ఆమె ఇష్టం అనుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

అసలు సంగతి పిన్నికి ఆ సాయంత్రమే ఇంట్లో తెలిసింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడిపోతుంటే, ఆమె పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోందట. పక్క గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఆయన ఏమన్నాడో మాకెవరికీ చెప్పలేదు. ముక్కు పనిచేయనివాళ్ళ చేతిలో వాసనల తోట ఉంచరని ఆమెకి తెలుసు. పొద్దున్నే మునుపటిలాగే ఆకులు నలుపుతూ తిరిగింది.

గురువారం టీచరమ్మ వచ్చింది. పాటలు నేర్పి రిటైరైన మనిషి, పుట్టుకతో చూపు లేదు. పన్నెండేళ్ళుగా ప్రతి గురువారం ఒక్కతే వచ్చేది. ఆ తోటలో కర్ర కూడా మడిచి సంచిలో పెట్టుకునేది. మలుపులో నిమ్మగడ్డి చేతికి తగలగానే కుడికి తిరిగి బెంచీ మీద కూర్చునేది. ఆ రోజు మలుపు దాటి నేరుగా వెళ్ళి, నీళ్ళ తొట్టికి మోకాలు కొట్టుకుని ఆగిపోయింది. పిన్ని పరుగున వెళ్ళింది. బండి వదిలి నేనూ వెళ్ళాను.

"మలుపులో నిమ్మగడ్డి ఏదమ్మా?" అంది టీచరమ్మ.

"తీసేశాను టీచరమ్మా. వాసన పోయింది దానికి."

"పోయిన వారం నువ్వు సెలవులో ఉన్నప్పుడు వచ్చాను. అల్లంత దూరం నుంచే తెలిసిందే."

టీచరమ్మ చెయ్యి చాచి పిన్ని భుజం వెతుక్కుంది, అక్కణ్ణించి మొహం. మూసిన గుప్పిట ఆమె ముక్కు కింద పెట్టి, ఇదేమిటో చెప్పమంది.

పిన్ని కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. "మరువం" అంది.

టీచరమ్మ గుప్పిట విప్పింది. అందులో ఏమీ లేదు.

"ఎన్నాళ్ళయింది?"

"జ్వరం వచ్చినప్పట్నించి. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నాకు ఇది తప్ప వేరే పని రాదు టీచరమ్మా."

టీచరమ్మ చెయ్యి ముందుకు చాపి, "గేటు దాకా తీసుకెళ్ళమ్మా" అంది. ఆ తోటలో ఆవిడ ఎవరి చెయ్యీ అడగడం అంతకుముందు నేను చూడలేదు.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పిన్నే మర్నాడు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పేసుకుంది. ఇప్పుడు నాతో ముళ్ళ తోటలో ఉంది. వాసనల తోట కొత్తమ్మాయికిచ్చారు. అన్నీ మళ్ళీ నాటింది, ఎదగడానికి టైము పడుతుంది. టీచరమ్మ గురువారాలు గేటు దగ్గర నిలబడి, లోపలికి తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

పిన్నికి అలవాటు పోలేదు. పొద్దున్నే కలబంద ఆకు తడిమి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ దించేస్తుంది. నిన్న అలా దించుతూనే అడిగింది. "ఆ దుబ్బు మోసింది నువ్వేగా. దానికి వాసన ఉందా ఆ రోజు?"

"గుర్తులేదు పిన్నీ" అన్నాను.